నేను నొక్కలేదక్కా

“ఒట్టేసి చెప్పరా. రేపు మీటింగులో ఏ కోతివేషాలూ వెయ్యనని చెప్పు,” అంది అక్క, చేతిలో చీపురు దించకుండానే.

“ఒట్టు. కోతివేషాలు వెయ్యను. ఎలుగుబంటి వేషం వెయ్యొచ్చా?”

చీపురు లేచింది. నేను కుర్చీ వెనక్కి దూకాను. మా మేనకోడలు లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా, “మావయ్యా, అమ్మ నిజంగానే భయపడుతోంది. ఇవాళ్టికి ఆపు,” అంది.

అప్పుడు చూశాను. అక్క చీపురు దించి, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది.

అక్కా నేనూ ఒకే అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తాం. నేను ఫోర్క్‌లిఫ్ట్ బండి తోలతాను. అక్క అక్కడి పిల్లల గది చూసుకుంటుంది. మిషన్ల మీద పనిచేసే ఆడవాళ్ళు చంటిపిల్లల్ని పొద్దున్నే ఆ గదిలో దింపి, తమ పనిలోకి వెళ్తారు. కొత్తగా వచ్చిన మేనేజరు కన్ను ఆ గది మీద పడింది. కాగితం రోల్స్ పెట్టుకోడానికి కావాలట. గది పోతే అక్క పని పోతుంది. పిల్లల్ని ఇంకెక్కడా వదల్లేని తల్లుల పనీ పోతుంది. ఫ్యాక్టరీ యజమానురాలు, మేం పెద్ద మేడమ్ అంటాం, ఇద్దరి మాటా వింటానంది. కానీ ఎవరైనా సరే స్లైడ్లు వేసి చూపించాలట. సుత్తి వినే ఓపిక ఆవిడకి లేదట.

మా అక్క అప్పటిదాకా కంప్యూటర్‌ని తుడిచిందే గానీ వాడింది లేదు. నా చదువు సంగతి సరేసరి. బడిలో నేను ఎక్కువగా చూసింది గోడ. అటు తిరిగి నిలబడమనేవారు.

మేనకోడలు ఓపిగ్గా చెప్పింది. “ఇది కొత్త స్లైడు. పైన ఈ డబ్బాలో పేరు రాయాలి, కింద ఈ డబ్బాలో విషయం. ఒక స్లైడుకి ఒక్క సంగతే అమ్మా.”

అక్క ఒక్క వేలుతో, చీమని నలిపినట్టు నొక్కుతూ కూర్చుంది. చూస్తే మొదటి స్లైడులోనే పిల్లల గది పుట్టుపూర్వోత్తరాలన్నీ రాసేసింది. కిందికి వచ్చేసరికి అక్షరాలు ఆవగింజలంత అయిపోయాయి.

“అక్కా, ఇది చదవడానికి పెద్ద మేడమ్‌కి భూతద్దం కూడా ఇస్తావా?”

“నోర్ముయ్. నీకంత తెలిస్తే నువ్వే పెట్టు ఆ ఫొటో.”

పెట్టాను. అక్క ఫొటోనే పెట్టి, పక్కనున్న చుక్క పట్టుకుని లాగాను. అక్క మొహం గుమ్మడికాయంత వెడల్పయింది.

“మావయ్యా! మూల పట్టుకుని లాగాలి. పక్కన పట్టుకుంటే ఇలాగే సాగిపోతుంది.”

“సాగలేదే. ఉన్నదున్నట్టే వచ్చింది.”

అక్క నవ్వింది. రెండు రోజుల తర్వాత మొదటి నవ్వు. అందుకోసమే లాగానని నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

అక్షరాలు గిరగిరా తిరుగుతూ వచ్చే సరదా ఒకటి కనిపెట్టాను గానీ మేనకోడలు సాగనివ్వలేదు. “అవి తిరిగితే చూసేవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి మావయ్యా,” అని తీసేసింది. చివరికి ఆరు స్లైడ్లు నిలిచాయి. అన్నిట్లోకీ అక్కకి ఇష్టమైంది మధ్యాహ్నం తీసిన ఫొటో. చాపల మీద పిల్లలు వరసగా నిద్రపోతున్నారు. వెనక పెద్ద అద్దం కిటికీలోంచి మిషన్లూ, వాటి ముందు తల్లులూ కనిపిస్తున్నారు.

“ఇప్పుడు గట్టిగా చెప్తూ ఒకసారి అన్నీ మార్చి చూడమ్మా. ఎంతసేపు పడుతుందో ఇదే లెక్కేస్తుంది,” అని మేనకోడలు ఏదో నొక్కి, ఫోను మోగితే పక్క గదిలోకి వెళ్ళింది. తెర మూలన చిన్న గడియారం పరిగెత్తడం మొదలుపెట్టింది. దాన్ని చూసి అక్కా పరిగెత్తింది. కుక్క తరిమినట్టు గడగడా చెప్పేసి ఆరు స్లైడ్లూ దాటేసింది. ఆఖర్న తెర మీద ఇంగ్లీషులో ఓ ప్రశ్న వచ్చింది.

“ఏమంటోందిరా?”

“స్లైడ్ల టైములేవో దాచమంటావా అంటోంది.”

“దాచుకుంటే పోయేదేముంది,” అని అక్క తనే ‘యెస్’ నొక్కింది. అంత ధైర్యంగా నొక్కినందుకు తన వేలి వంక తనే మెచ్చుకోలుగా చూసుకుంది.

*

మీటింగు గదిలో పొడుగాటి బల్ల. బల్ల చివర పెద్ద మేడమ్. చుట్టూ సెక్షన్ల పెద్దలు. మొదట మేనేజరు లేచాడు. చెడ్డవాడేం కాదు, చొక్కా ఇస్త్రీ నలక్కుండా బతకాలనుకునే మనిషి. ఆయన బాధ ఆయనది. వరండాలో పెట్టిన రోల్స్ చెమ్మకి ఉబ్బిపోతున్నాయి. ఆ ఫొటోలు వేశాడు. తర్వాత పిల్లల గది ఫొటో వేశాడు. గదిలో ఒక్క పురుగు కూడా లేదు. చాపలు చుట్టి గోడకి నిలబెట్టి ఉన్నాయి.

“ఇంత చోటు ఖాళీగా పడుంది మేడమ్,” అన్నాడు.

అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. “అందరూ ఇంటికెళ్ళాక తీశాడురా,” అంది నా చెవిలో. ఆ గోళ్ళ గుర్తులు చాలాసేపు ఉన్నాయి.

మా వంతు వచ్చింది. అక్క తెర పక్కన నిలబడాలి, నేను లాప్‌టాప్ దగ్గర కూర్చుని, తను తల ఊపినప్పుడల్లా మార్చాలి. నేను కూర్చోగానే స్టోర్ కీపరు తన టీ కప్పు దూరంగా జరుపుకున్నాడు. ఓసారి అందులో ఉప్పు కలిపాను లెండి.

మొదటి స్లైడు పడింది. ‘మా పిల్లల గది.’

“నమస్కారం మేడమ్,” అంది అక్క. కొంగు సర్దుకుని, “నేను… ఈ గది…” అంటూండగానే తెర మారిపోయింది. రెండో స్లైడు.

అక్క నా వంక చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. చేతులు బల్ల మీదే ఉన్నాయి.

“ఈ గదిలో పొద్దున్నే…”

మూడోది వచ్చేసింది.

ఎవరో కిసుక్కుమన్నారు. నేను వెనక్కి తిప్పే మీట నొక్కాను. రెండోది వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే మళ్ళీ దానంతటదే మూడోది, వెంటనే నాలుగోది. అక్కకి ఇష్టమైన ఫొటో. పిల్లలు అలా పడుకుని ఇలా మాయమైపోయారు.

“ఒరేయ్,” అంది అక్క మెల్లగా. అరిచినా బాగుండేది. “ఒట్టేశావురా.”

“నేను నొక్కలేదక్కా!”

దొంగ దొరికినట్టు రెండు చేతులూ పైకెత్తాను. అంతే, గదంతా గొల్లుమంది. స్టోర్ కీపరయితే బల్ల చరిచాడు. “వీడు మారడండీ! సొంత అక్కని కూడా వదల్లేదు!”

జీవితంలో ఎన్నో నవ్వులు పుట్టించాను. అంత భయం పుట్టించిన నవ్వు మాత్రం అదే. చేతులు పైన ఉండగానే అయిదోది దాటి ఆరోది వచ్చేసింది. ‘ధన్యవాదాలు’ అని పెద్ద అక్షరాలు. అక్క ఇంకా పొద్దుటి దగ్గరే ఉంది.

“అయిపోయినట్టుందిగా,” అన్నాడు మేనేజరు, నవ్వు ఆపుకుంటూ. “థాంక్యూ అమ్మా.”

పెద్ద మేడమ్ నవ్వలేదు. చేతి గడియారం చూసుకుంది. అది ఇంకా ఘోరం.

అక్క కదల్లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా బుర్ర పనిచెయ్యలేదు. ఈ పెట్టెలో దెయ్యం దూరిందో, నా పాత పాపాలే దూరాయో తెలీదు. మేనకోడలికి ఫోను చేద్దామంటే ఫోన్లన్నీ బయట బుట్టలో పెట్టించారు. ఒక్కటే గుర్తొచ్చింది. మేం స్లైడ్లు తయారు చేస్తున్నప్పుడు అవి పారిపోలేదు. మూలనున్న మీట నొక్కి ఆ పెద్ద బొమ్మలోంచి బయటికొచ్చేశాను. తెర మీద మా ఇంట్లో చూసినట్టే పడింది. ఎడమ పక్కన నిలువునా ఆరు చిన్న బొమ్మలు, మధ్యలో ఒకటి పెద్దది. చూడ్డానికి వంటింట్లో గిన్నెలన్నీ హాల్లో పరిచినట్టుంది. కానీ ఏదీ కదల్లేదు.

నేను లేచాను. “అక్కా, నువ్వే వచ్చి కూర్చో.”

“నాకు రాదురా.”

“నేనిక్కడుంటే వీళ్ళు నవ్వుతూనే ఉంటారు. నువ్వూ నన్ను నమ్మవు. రా.” వెళ్ళి గోడకి ఆనుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. బడిలో అలవాటైన చోటే.

ఎవరూ నవ్వలేదు. అక్క వచ్చి కూర్చుంది. వేలు ఎత్తింది. ఆ వేలు గాల్లో ఎంతసేపు ఆగిందో గానీ నేను ఊపిరి తీసుకోవడం మర్చిపోయాను. నాలుగో చిన్న బొమ్మ మీద నొక్కింది. పిల్లలు తెర నిండా పడుకున్నారు. ఈసారి లేవలేదు.

“మేడమ్, సారు చూపించిందీ, ఇదీ ఒకటే గది,” అంది అక్క. “ఆయన తీసింది సాయంత్రం, మేమంతా వెళ్ళిపోయాక. పెళ్ళివారు వెళ్ళిపోయాక పందిరి ఖాళీగానే ఉంటుంది కదమ్మా. అలాగని పెళ్ళి జరగలేదంటారా?”

పెద్ద మేడమ్ కళ్ళజోడు పెట్టుకుంది. “ఆ కిటికీలోంచి కనిపిస్తోంది ఎవరు?”

“తల్లులమ్మా. మిషన్ దగ్గర్నించి తలెత్తితే పిల్ల కనిపిస్తుంది. అందుకే కుదురుగా పని చేసుకుంటారు.”

“ఇందాక రెండోదేదో వేగంగా వెళ్ళిపోయింది. అది చూపించు.”

అక్క వెతుక్కోలేదు. పక్కనున్న చిన్న బొమ్మ నొక్కింది, అదొచ్చింది. పొద్దున్నే పిల్లల్ని దింపి మిషన్ల దగ్గరికి వెళ్తున్న తల్లులు. మేనేజరు ఏదో అనబోయాడు. పెద్ద మేడమ్ చెయ్యి అడ్డం పెట్టి లేచింది.

“ఇప్పుడు పడుకుని ఉంటారా పిల్లలు?”

“ఉంటారమ్మా.”

“పదండి.”

అందరం వెనకే వెళ్ళాం. అక్క గది తలుపు కొద్దిగా తీసి, పెదవుల మీద వేలు పెట్టింది. అక్క బదులు పిల్లల దగ్గర కూర్చున్న ఒక తల్లి లేచి తన మిషన్ దగ్గరికి వెళ్ళిపోయింది. ఫ్యాక్టరీ యజమానురాలు మునివేళ్ళ మీద లోపలికి నడిచింది. మేనేజరూ అలాగే నడవబోయి కీచుమనే రబ్బరు బాతుని తొక్కాడు. ఒక పాప కదిలింది. అక్క ఆయన్ని చూసిన చూపుకి ఆయన ఒంటికాలి మీదే ఆగిపోయాడు. ఈ బాతు విషయంలో కూడా నా ప్రమేయం లేదు, నమ్మినా నమ్మకపోయినా.

కిటికీ అవతల మిషన్ల ముందున్న ఆడవాళ్ళందరూ తలలు ఎత్తారు. ఎవరి చెయ్యీ ఆడడం లేదు. పెద్ద మేడమ్ వాళ్ళని చూసింది. చాపల మీదికి చూసింది. మళ్ళీ వాళ్ళని చూసింది.

“రోల్స్‌కి వేరే చోటు చూడండి,” అంది మేనేజరుతో.

“కానీ మేడమ్, వరండాలో చెమ్మ…”

“నా ఆఫీసు పక్కన మీటింగు గది ఉందిగా. నెలకోసారి నవ్వుకోడానికేగా వాడుతున్నాం. అందులో పెట్టండి.”

“మెల్లగా మాట్లాడండమ్మా,” అంది అక్క. “ఇప్పుడే పడుకున్నారు.”

పెద్ద మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు. అక్క పిల్లలు కూర్చునే బుల్లి కుర్చీలో కూలబడింది. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. లేపుదామని చెయ్యి అందించాను.

“ముట్టుకోకు నన్ను,” అంది గుసగుసగా. “సాయంత్రం ఇంటికి రా. నీ సంగతి తేలుస్తా.”

“నేను నొక్కలేదక్కా.”

“మరి నేను నొక్కానా?” అని, నిన్న ‘యెస్’ నొక్కిన ఆ వేలే నా వైపు చూపించింది.

ఏడుస్తూ నవ్వుతోంది. ఇందాక కదిలిన పాప లేచి కూర్చుని, మమ్మల్నిద్దర్నీ చూసి, ఎవర్ని చూసి ఏడవాలో తేల్చుకోలేక, ముందు నన్ను చూసి మొదలుపెట్టింది.