పచ్చదీపం

ఈజిప్టులో మన్సూరా ఊళ్లోని ఇంజనీరింగ్ కాలేజీలో డాక్టర్ రబాబ్‌కు రెండు భయాలు. ఒకటి, తాను పనిచేసే హై వోల్టేజీ ల్యాబ్‌లో కరెంటు. రెండోది, ఆ భయం నలుగురికీ కనబడుతుందేమోనని. ల్యాబ్ హెడ్ పదవి ఆమెకు ఇప్పటికే రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. పరిశోధన గొప్పదే, పాఠమూ బాగా చెబుతుంది, "మనిషే కాస్త పిరికి" అన్నారు. ఆ మాట పుట్టించింది వజీహ్ అని అందరికీ తెలుసు. ఆ కుర్చీ కోసం గోతికాడ నక్కలా కాచుకున్నదీ అతనే.

ఈసారి డీన్ షౌకత్ స్వయంగా వచ్చి ఇద్దరి పనీ చూస్తానన్నాడు. పొద్దున వజీహ్ ప్రయోగం చేశాడు. కరెంటు ఆపి, ఇక ప్రమాదం లేదని చెప్పే పచ్చదీపం వెలగ్గానే ఈల వేసుకుంటూ కంచె లోపలికి నడిచాడు. డీన్ శభాష్ అన్నాడు.

తన వంతు కోసం వరండాలో నిలబడ్డ రబాబ్ చేతిలో స్నేహితురాలు సుహైర్ వేడివేడి తామియా, చిక్కుడుగింజల వడలు పెట్టిన రొట్టె, పెట్టింది.

"ఒసేయ్, ఇవాళ ఒక్కరోజుకి ఆ కర్ర ముట్టుకోకు. దీపం వెలిగిందా, దర్జాగా లోపలికి నడువు" అంది సుహైర్.

"నాజ్లీ మేడమ్ చెయ్యి మర్చిపోయావా?"

"ఆవిడ వేళ్లు ఎలాగూ పోయాయి. నీ పదవి కూడా పోవాలా?"

నాజ్లీ వాళ్లిద్దరికీ చదువు చెప్పిన మనిషి. ఒకనాడు పచ్చదీపాన్ని నమ్మి రెండు వేళ్లు పోగొట్టుకుంది. ఆనాటి నుంచి, రాగి కొక్కెం ఉన్న పొడవాటి ఎర్తు కర్రను, కరెంటు దాచుకునే ప్రతి కెపాసిటర్‌కూ తాకించనిదే ఎవరినీ లోపలికి పోనిచ్చేది కాదు. ఎక్కడైనా కరెంటు మిగిలి ఉంటే కర్రకు కట్టిన తీగ వెంట నేలలోకి దిగిపోతుంది. "దీపానికి వేళ్లుండవమ్మా, పోయేవి నీవే" అనేది.

రబాబ్ ప్రయోగం చక్కగా సాగింది. ఆమె కరెంటు ఆపింది. మీటరు సున్నాకు దిగింది, పచ్చదీపం వెలిగింది. డీన్ తృప్తిగా తలాడించి కంచె తలుపు తీశాడు.

"ఆ చివరి కెపాసిటర్ మీద మరకేమిటి?" అంటూ వేలు చూపిస్తూ కదిలాడు.

రబాబ్ కర్ర వైపు చూసింది. నోరు మూసుకుంటే పదవి తనదే. నోరు తెరిస్తే మళ్లీ పిరికిదే.

"ఆగండి సార్!"

గొంతు కీచుమంది. పరుగున వెళ్లి కర్రను తలుపుకు అడ్డం పెట్టింది. కర్ర వణకడం అందరికీ కనిపించింది.

వజీహ్ పకపకా నవ్వాడు. "నే చెప్పలా సార్? ఈవిడకి తాడు కనబడినా పామే!"

"దీపం వెలుగుతోంది కదమ్మా" అన్నాడు డీన్ చిరాగ్గా. "ఇంత భయమైతే ల్యాబ్ ఎలా నడుపుతావు?"

"భయమే సార్" అంది రబాబ్. ఆ మాట ఇన్నేళ్లలో ఎవరి ముందూ ఒప్పుకోలేదు. అయిపోయింది, అంతా తన చేతులతోనే పాడుచేసుకున్నాననుకుంది. ఏడుపు వచ్చింది. అయినా కర్ర చాపింది.

మొదటిదానికి తాకించింది. ఏమీ లేదు. రెండోదీ అంతే. వజీహ్ ఆవులించాడు. చివరిదానికి కొక్కెం తగిలించింది.

ఢామ్మని పేలింది. నీలిమంట కళ్లు చెదరగొట్టింది, కాలిన వాసన గది నిండింది. ప్రయోగం మధ్యలో దాని ఫ్యూజు పోయి, మిగతా వాటి నుంచి విడిపోయి, కరెంటు మొత్తం కడుపులో దాచుకుని కూర్చుంది. మీటరుకు ఆ సంగతి తెలిసే దారి లేదు. దీపం ఇప్పటికీ పచ్చగానే వెలుగుతోంది.

డీన్ వేలు ఇంకా అటే చాచి ఉంది. ముఖాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"ఏమైందో చూస్తాను" అంటూ వజీహ్ ముందుకు కదిలాడు. డీన్ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఆగవయ్యా!"

తర్వాత రెండు చేతులూ కోటు జేబుల్లో దోపుకుని, గుమ్మం బయటే నిలబడ్డాడు. ఆ కాలేజీలో ఎవరి అనుమతీ అడిగి ఎరగని మనిషి.

"డాక్టరమ్మా, ఇప్పుడు లోపలికి రావచ్చా?"

"ఇంకోసారి తాకించనివ్వండి సార్. నాకింకా భయంగానే ఉంది."

"తాకించమ్మా" అన్నాడు డీన్. "నువ్వు రమ్మంటే తప్ప ఇక్కడ ఎవరూ అడుగు పెట్టరు. ఇవాళొక్కరోజే కాదు."