వెనక గదిలో చిరుతిండి

ఆ ఇంటి కొడుక్కి రెండో భార్యగా వచ్చిన కోడలు చొక్కాలకు కాలర్లు కుట్టేది. సైకిల్ రిపేరు షాపు పైన రెండు గదులూ ఒక వంటిల్లూ. వీధివైపు కిటికీ దగ్గర ఆమె మిషను. లారీ నడిపే భర్త వారానికోసారి వచ్చేవాడు. ఇంట్లో మిగిలేది అత్తగారు, చనిపోయిన మొదటి భార్య కూతురు. ఐదేళ్ళ ఆ పిల్లను అందరూ పిచ్చుక అనేవారు.

అత్తగారు రైల్వే స్టేషన్లో టికెట్లిచ్చి రిటైరైన మనిషి. పిల్లలకు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తప్ప మధ్యలో ఏదీ పెట్టకూడదని ఆవిడ శాసనం. చెయ్యెత్తిన చోటల్లా ఆపితే రైలు ఊరు చేరదని నవ్వేది. కోడలికి ఆ పద్ధతి నచ్చకపోయినా నోరు మెదపలేదు. పెడితే అత్తగారిని ధిక్కరించినట్టు, పెట్టకపోతే సవతితల్లి బుద్ధి చూపించినట్టు. ఎటు చూసినా మాట పడేది తనే.

చిత్రమేమిటంటే, పిచ్చుక ఎప్పుడూ ఏదీ అడిగేది కాదు. బడి నుంచి వచ్చి వెనక గదిలో కాసేపు ఆడుకునేది. రాత్రి కంచం ముందు కూర్చుంటే రెండు ముద్దలకే కడుపు నిండిందనేది. కోడలు చాటుగా ఏదో పెడుతోందని అత్తగారి అనుమానం. మనవరాలి మీద ముద్దుకొద్దీ ఆవిడే పెడుతోందని కోడలి అనుమానం. ఇద్దరూ పైకి అనలేదు. పిల్ల మాత్రం పుల్లలా అయిపోతోంది. రెండుసార్లు బిగించి కుట్టినా గౌను నడుము జారిపోతుంటే కోడలికి భయం వేసి, పిల్లల డాక్టరమ్మకు చూపిద్దామంది. అత్తగారూ వెంట వచ్చింది.

డాక్టరమ్మ పిల్ల బరువు తూచి, నాలిక చూసి, ఈ వయసులో పొట్ట పిడికెడంతే ఉంటుందని, మధ్యాహ్నం తిన్నది రాత్రి దాకా చాలదని, మధ్యలో పండో ఉడికించిన గుడ్డో తప్పకుండా పెట్టమని చెప్పింది. ఇంటి మెట్లెక్కుతూ అత్తగారు అడిగింది.

"నేను వద్దన్నా నువ్వు పెడుతూనే ఉన్నావుగా. ఇంకేం పెట్టాలి?"

"నేనింతవరకూ ఏమీ పెట్టలేదత్తయ్యా. మీరే పెడుతున్నారనుకున్నాను."

ఇద్దరూ మెట్ల మీదే ఆగిపోయారు.

మర్నాడు పిల్ల బడి నుంచి వచ్చాక కోడలు మిషను ఆపి వెనక గది గుమ్మం దగ్గరికి వెళ్ళింది. పిచ్చుక బీరువా పక్కన నేల మీద, గోడకెదురుగా కూర్చుని ఉంది. నోరు తెరుస్తోంది, నములుతోంది, మింగుతోంది. చేతిలో ఏమీ లేదు, ఒళ్ళో ఏమీ లేదు. ఎవరో మూతి తుడుస్తున్నట్టు గడ్డం పైకెత్తింది.

"చాలమ్మా, పిన్ని వచ్చింది" అంది పిల్ల గోడతో మెల్లిగా.

కోడలు వంటింట్లోకి వచ్చి చెబితే అత్తగారు పొయ్యి కట్టేసి అసలు సంగతి చెప్పింది. పిల్ల తల్లి రోజూ ఆ గదిలో తలుపేసుకుని దానికి ఏదో ఒకటి తినిపించేదట. ఆసుపత్రిలో చేరేదాకా మానలేదట. అత్తగారికి తెలియదనుకునేదట.

"ఆ తల్లి ఎంత పెట్టినా ఇప్పుడు పిల్ల ఒంటికి పట్టదే" అంది అత్తగారు చివరికి.

ఆ మర్నాడు కోడలు ఆపిల్ కోసి, పళ్ళెం పట్టుకుని వెళ్ళి పిచ్చుక పక్కన కూర్చుంది. పిల్ల పెదవులు బిగించేసింది. అమ్మ పెట్టిందని, ఇంక వద్దని తల అడ్డంగా ఊపింది. కోడలికి లేచి పారిపోదామనిపించింది. పిల్ల పుల్లలాంటి మణికట్టు చూసి ఆగిపోయి, గోడ వైపు తిరిగింది.

"అక్కా, పిల్ల చిక్కిపోతోంది. నిన్ను వెళ్ళమనట్లేదు. ఇక్కడే కూర్చో. పెట్టడం మాత్రం నాకు వదిలెయ్."

కింద షాపులో సుత్తి చప్పుడు ఆగింది. పిచ్చుక చాలాసేపు గోడనే చూస్తూ, ఏదో వింటున్నట్టు తలాడించింది.

"ముక్కలు పెద్దగా ఉన్నాయంటోంది. ఇంకా చిన్నగా కొయ్యాలట."

కోడలు వంటింట్లోంచి కత్తి తెచ్చింది. ఒక్కో ముక్కనూ రెండుగా కోసింది. పిల్ల తింది.

ఆనాటి నుంచి అదే అలవాటైంది. అత్తగారు తనే పళ్ళు తెచ్చేది గానీ ఆ గదిలో అడుగు పెట్టేది కాదు. పిచ్చుక ఒళ్ళు చేసింది, రాత్రిళ్ళు మారు అడిగి మరీ తింటోంది. కొన్నాళ్ళకు గోడవైపు చూడటం మానేసి, నములుతూనే బడి కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. కోడలు మాత్రం గోడవైపు చూడటం మానలేకపోయింది.

ఒకరోజు అత్తగారు పిల్లను తీసుకుని చుట్టాలింటికి వెళ్ళింది. అర్జెంటు పని ఉండి కోడలు పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. పిల్లకు తినిపించే వేళకు అలవాటుగా వెళ్ళి బీరువా పక్కన కూర్చుంది. గది నిశ్శబ్దంగా ఉంది. పెదవులకు తడివేళ్ళు తగిలినట్టయింది. కాసేపటికి గానీ తను నోరు తెరిచి ఉన్నానని ఆమెకు తెలియలేదు.

"వద్దక్కా. నేను వంటింట్లో తింటాను" అంది.

లేచి వచ్చి, చేతులు కడుక్కుని, కంచం పెట్టుకుంది. మొదటి ముద్ద తనే కలిపి నోట్లో పెట్టుకుంది.