అడ్డం సగమైతే

అక్క కాలి పుండుకు తమ్ముడు కట్టు మార్చడం మొదలుపెట్టి ఆ రోజుకి రెండు నెలలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యలో టైలరు పని. చేతిలో ఉన్నది కత్తెరో దూదో కూడా తెలియనంతగా అలిసిపోయాడు.

అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పింది. ఆమె గొంతెత్తితే పక్క తరగతి పిల్లలు కూడా ఎక్కాలు ఒప్పజెప్పేవారట. షుగరు వల్ల మడమ పైన లేచిన పుండు ఆ గొంతును నొక్కేసింది. పది రోజులుగా గోడవైపు తిరిగి పడుకుంటోంది. ఏమడిగినా 'ఊ', లేకపోతే 'ఊహూ'.

ఆ సాయంత్రం నర్సమ్మ వచ్చి పుండు మీద స్కేలు పెట్టి చూసింది.

"మొదట్లో అడ్డంగా ఆరు సెంటీమీటర్లు. ఇప్పుడు మూడు. బాగానే తగ్గుతోంది" అని రాసుకుని వెళ్లిపోయింది.

తమ్ముడు స్టూలు మీద కూలబడ్డాడు.

"రెండు నెలలు గొడ్డుచాకిరీ చేస్తే మానింది సగమే. ఇంకా రెండు నెలలు... నా వల్ల కాదక్కా" అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

గోడవైపు నుంచి మాట వచ్చింది.

"సగమని ఎవడు చెప్పాడురా?"

"ఆరులో మూడు సగం కాదూ?"

"అది అడ్డం కొలత. పుండు గీతలా ఉందా, బిళ్ళలా ఉందా? అడ్డం సగమైతే బిళ్ళ పావే మిగుల్తుంది. ముప్పావు మానిపోయింది, మొద్దూ."

తనను ఊరుకోబెట్టడానికే అంటోందనుకున్నాడు. నమూనాలు గీసే మందపాటి కాగితం తెచ్చి, ఆరు సెంటీమీటర్ల బిళ్ళ ఒకటి, మూడు సెంటీమీటర్లవి నాలుగు కత్తిరించాడు. పెద్దదాని మీద చిన్నవి పేర్చాడు.

"చూడు, రెండే పట్టాయి. మూడోది బయటికొచ్చేస్తోంది."

అక్క పళ్ల బిగువున మెల్లగా ఇటు తిరిగింది.

"మిగతా రెండూ ముక్కలు చేసి సందుల్లో పెట్టు. అతుకులు వేసి బతికేవాడివి, ఇది కూడా నేనే చెప్పాలా?"

అతను ముక్కలు చేస్తూ, పేరుస్తూ కూర్చున్నాడు. సందులన్నీ నిండాయి. చివరికి గోరంత ముక్క మిగిలింది.

"అది నీ కత్తెర తప్పు" అంది అక్క. "ఆరు ఆర్లు ముప్పై ఆరు. మూడు మూళ్లు తొమ్మిది. ముప్పై ఆరులో తొమ్మిది ఎంత?"

"పావు" అన్నాడు బడిపిల్లాడిలా. నవ్వబోతే ఏడుపొచ్చింది.

ఆమె అతని ముఖం చాలాసేపు చూసింది. కళ్ల కింద నలుపు, మాసిన గడ్డం.

"నీ వల్ల కాదనడంలో తప్పేం లేదురా. ఇకనుంచి పొద్దుటి కట్టు నేనే మార్చుకుంటా. నువ్వు ఇంకాసేపు పడుకో."

మర్నాడు అన్నంత పనీ చేసింది. గంట పట్టింది. అతను పక్కగదిలో కళ్లు మూసుకుని పడుకున్నాడు, లేచి వెళ్లకుండా బలవంతాన ఆపుకుంటూ.

ఆ మిగిలిన పావు మొండికేసింది. పూర్తిగా పూడడానికి ఇంకో ఆరు వారాలు పట్టింది. లేత చర్మం కమ్ముకున్న రోజున తమ్ముడు దుకాణం మూసి వచ్చి నడుం వాల్చాడు. రెండు రోజులు నిద్రపోయాడు. అక్క లేపలేదు.