ప్రెస్సు దగ్గర సవతి

మా అన్నయ్యా వదినా మాట్లాడుకోవడం మానేసి ఆర్నెల్లు దాటింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే షెడ్డులో పనిచేస్తారు, ఒకే గిన్నెలోంచి వడ్డించుకుంటారు. మధ్యలో నేనున్నాను కాబట్టి వాళ్ళకి ఇబ్బందేమీ లేదు. ఇబ్బందంతా నాదే.

"మీ అన్నయ్యకి చెప్పు, కూర చల్లారిపోతోందని," అంటుంది వదిన. అన్నయ్య ఆవిడకి మూరెడు దూరంలోనే కూర్చుని ఉంటాడు. "మీ వదినకి చెప్పు, నాకూ చెవులున్నాయని," అంటాడు. నేను నోట్లో ముద్ద పెట్టుకుని ఇద్దరికీ తల ఊపుతాను. పెళ్ళీ గిళ్ళీ వద్దనుకున్నది ఇలా ఇంకొకళ్ళ సంసారం ఈదడానికా అని నా మీద నాకే ఒళ్ళు మండిపోయేది.

గొడవంతా ఒక కుక్కరు గురించి. మాది పాత అట్టపెట్టెల వ్యాపారం. దుకాణాల నుంచి వచ్చిన పెట్టెల్ని ప్రెస్సులో వేసి అణిచి, తీగతో బిగించి, బీరువా అంతేసి బేళ్ళు చేసి కాగితం మిల్లుకి పంపిస్తాం. వదిన ముచ్చటపడి కొనుక్కున్న కొత్త కుక్కరు, పెట్టెతో సహా ఒక బేలులో కలిసిపోయింది. ఆ పెట్టె తెచ్చి పోగు మీద పెట్టింది ఆయనేనని ఆవిడ, బరువు చూసుకోకుండా ప్రెస్సులో వేసింది ఆవిడేనని ఆయన. పాపం కుక్కరు, ఒక్క పూటైనా పొయ్యి ఎక్కకుండానే పళ్ళెమై మిల్లుకి పోయింది. మిల్లువాళ్ళు మమ్మల్ని తిట్టిన తిట్లు వేరే సంగతి.

అంత పంతంలోనూ ప్రెస్సు దగ్గర మాత్రం రెండు ముక్కలు నడిచేవి. వదిన పెట్టెల్ని కాలితో తొక్కి చదును చేసి ప్రెస్సు అరలో వేస్తుంది. చేతులు బయటికి తీసుకుని "ఊఁ" అంటుంది. అది వినపడితేనే అన్నయ్య మీట లాగుతాడు. ఇనప పలక దిగి, పెట్టెల్ని అణిచి, మళ్ళీ పైకి లేచాక "ఆఁ" అంటాడు. అప్పుడు ఆవిడ మళ్ళీ చెయ్యి పెడుతుంది. ఇన్నేళ్ళలో ఆవిడ గొంతు వినకుండా అన్నయ్య మీట ముట్టుకోలేదు. ఓసారి ఆవిడకి తుమ్ముల మీద తుమ్ములొచ్చి మాట ఆలస్యమైతే, అవన్నీ అయ్యేదాకా చెయ్యి గాల్లోనే పెట్టుకుని నిలబడ్డాడు. పొద్దస్తమానం ఊఁ, ఆఁ, ఊఁ, ఆఁ. మా ఇంట్లో ఆలుమగల కబుర్లంటే అవే మరి.

ఇలా ఉండగా వదినకి భుజం పట్టేసింది. జుట్టు ముడి వేసుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు. నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. ఒకరోజు అన్నయ్య నన్ను కాటా వెనక్కి పిలిచాడు.

"ప్రెస్సుకి పెట్టెలు అందించే మిషన్ వస్తోందట. ఫీడర్ అంటారు. తెప్పిద్దాం. అయితే నీకే తోచినట్టు చెప్పు. నేనన్నానని మీ వదినతో అన్నావంటే నా మీద ఒట్టే."

"ఎందుకంత రహస్యం?"

"నేనన్నానని తెలిస్తే చాలు, వద్దంటుంది. నీకు తెలీదా దాని పంతం?"

పంతం గురించి చెప్పాల్సింది ఈయనే! సరే, అన్న మీద ఒట్టు కదా, నోరు కుట్టేసుకున్నాను.

అన్నం దగ్గర, నాకే తోచినట్టు ఇద్దరి ముందూ ఆ మాట ఎత్తాను. ఫీడర్ వచ్చింది. ఏటవాలుగా పైకి పాకే బెల్టు ఒకటి, దాని చివర ఇనప చెయ్యి ఒకటి. కింద పెట్టెలు పడేస్తే బెల్టు మోసుకుపోతుంది, ఆ చెయ్యి వాటిని అరలోకి నెడుతుంది. అది వెనక్కి తగ్గాకే పలక దిగుతుంది, పలక లేచాకే అది మళ్ళీ ముందుకొస్తుంది. మనిషి చెయ్యి లోపలికి పోయే పనే లేదు. బెల్టు వెంబడి ఎర్ర తాడు కట్టి ఉంది. అది లాగితే అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయట. బిగించడానికొచ్చిన మెకానిక్ ఇవన్నీ చూపించి, "ఇంక మీరు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోనక్కర్లేదు, అంతా అదే చూసుకుంటుంది," అని మురిసిపోయాడు. వాడి నోట్లో మన్ను పడ!

వదిన దాని చుట్టూ తిరిగి, పైనుంచి కిందిదాకా ఎగాదిగా చూసింది. "బాగుంది నా సవతి. మాటా పలుకూ లేదు, భుజం నొప్పీ రాదు," అంది. పనివాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను. వదిన నవ్వలేదు.

ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతూ తేల్చేసింది.

"నువ్విలా అన్నావో లేదో, అలా తెప్పించేశారు. రోజంతా నేననేది ఒక్క 'ఊఁ'. అది కూడా వినలేకపోయారన్నమాట మీ అన్నయ్యగారు. మా అక్క రమ్మంటోంది. వెళ్తాను."

"మళ్ళీ ఎప్పుడొస్తావు వదినా?"

"ఎందుకు రావాలో తెలిసినప్పుడు."

ఈవిడ ఒట్టి బెదిరింపులు చేసే మనిషి కాదు. ఈ అపార్థంతో గడప దాటిందంటే ఇక రాదు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది, ఒట్టు గుర్తొచ్చి మింగేశాను. అన్నయ్య దగ్గరికి పరుగెత్తాను. "నీకు దణ్ణం పెడతాను, ఆ ఒక్క ముక్క నువ్వే చెప్పు. నిన్ను వదిలేసి వెళ్ళిపోతోంది," అన్నాను. ఆయన గోడకేసి చూస్తూ, "వెళ్ళనీ. భుజానికి కాస్త విశ్రాంతి," అన్నాడు. ఇద్దర్నీ కలిపి ప్రెస్సులో వేసి తీగ బిగించేద్దామా అనిపించింది.

బయల్దేరే రోజు బండి వచ్చి షెడ్డు ముందు ఆగింది. వదిన తన సంచి అందులో పెట్టి, ఇంటి తాళంచెవులు నాకివ్వడానికి లోపలికొచ్చింది. ఫీడర్ గడగడలాడుతోంది. అన్నయ్య అటు తిరిగి పెట్టెలు విసురుతున్నాడు. ఒక్కో పెట్టెకీ ఒక్కోసారి చెయ్యి ఊపి, తల విదిలించి, ఎవరితోనో పెద్ద పోట్లాటే పెట్టుకున్నాడు. ఎదురుగా ఫీడర్ తప్ప ఎవరూ లేరు. ఆ మోతలో ఒక్క ముక్క తెలియడం లేదు.

"ఏమంటున్నారు?" అంది వదిన.

"నాకేం వినిపిస్తోంది? కావాలంటే నువ్వే విను," అన్నాను, విసుగెత్తి.

ఆవిడ తిన్నగా వెళ్ళి ఎర్ర తాడు పట్టుకుని ఒక్క లాగు లాగింది.

షెడ్డంతా చప్పున సద్దుమణిగింది. మోతని మించి ఎత్తిన అన్నయ్య గొంతు మాత్రం ఆగలేదు.

"దాని భుజం కోసం నిన్ను తెప్పిస్తే, దాన్నే పంపించేస్తున్నావు కదే మాయదారి మొహమా! ఇంక నేనెవరి గొంతు వినాలి ఇక్కడ? నీ గొంతా?"

ఆ అరుపు రేకుల కప్పుకి తగిలి మళ్ళీ మా అందరికీ వినిపించింది. అన్నయ్య మెల్లగా ఇటు తిరిగాడు. తీగలు కట్టే వాళ్ళిద్దరూ ఉన్నట్టుండి చాలా శ్రద్ధగా తీగలు కట్టారు.

"నా భుజం సంగతి మీకెవరు చెప్పారు?" అంది వదిన. ముందు నావైపే చూసింది. నేను రెండు చేతులూ ఊపేశాను.

"ఎవరో చెప్పాలా?" అన్నాడు అన్నయ్య. "పెట్టె ఎత్తినప్పుడల్లా ముందు మూలుగు, ఆ తర్వాత ఊఁ. నాకు తెలీదా?"

"నోరు తెరిచి అడిగితే ఏం పోయేది?"

అన్నయ్య చేతిలోని పెట్టెని అటు మడిచి ఇటు మడిచి, చివరికి అన్నాడు. "అడిగాక కూడా నువ్వు మాట్లాడకపోతేనో అని భయమేసింది."

ఆయన నోట భయమన్న మాట వినడం నాకదే మొదలు. వదినకి కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. తాళంచెవులు నా చేతిలో పెట్టి, గబగబా బయటికి నడిచి బండెక్కి కూర్చుంది. అయిపోయింది, అంతా అయిపోయింది అనుకున్నాను. డ్రైవరు బండి స్టార్టు చేశాడు.

అన్నయ్య పరుగెత్తాడు. ఆ వయసులో, ఆ పొట్టతో, ఒంటి నిండా అట్టల దుమ్ముతో పరుగెత్తి బండి తలుపు పట్టుకున్నాడు. వెనకే నేనూ.

"నేనూ వస్తాను."

"ఈ అవతారంతోనా? మా అక్క గుమ్మం తొక్కనివ్వదు."

"గుమ్మం బయటే కూర్చుంటాను. నీకు నయమయ్యేదాకా."

వదిన సంచి ఒళ్ళోకి తీసుకుని జరిగి చోటిచ్చింది. అన్నయ్య సీటు అంచున ఒదిగి కూర్చున్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు. నాకు ఏడుపు ఆగలేదు, నేనూ ఆపుకోలేదు.

డ్రైవరున్నాడని లేదు, పనివాళ్ళు చూస్తున్నారని లేదు, ఆడపడుచు నిలబడి ఉందని అసలే లేదు. వదిన కాస్త పక్కకి తిరిగి, నొప్పి పెట్టే భుజాన్ని ఆయన చేతికి అందించింది.

"ఇక్కడ. ఇంకొంచెం పైన. అక్కడే. మెల్లగా నొక్కండి, ఇది అట్టపెట్టె కాదు."