అబూ యజన్ రాని రోజు

సర్వర్ గదిలో చలికి వజ్దీ మోకాళ్ళు పట్టేశాయి. ఇనుప చట్రం పట్టుకుని మెల్లగా లేచి, మఫ్లర్ ఇంకో చుట్టు తిప్పుకుని, తెరమీద పచ్చటి గీతలు ఒక్కొక్కటే వెలిగేదాకా నిలబడ్డాడు. రోజూ అందరికంటే ముందు వచ్చి మెషీన్ని ఒకసారి ఆపి మళ్ళీ లేపుతాడు. అలా చేస్తే పొద్దున కాసేపు చురుగ్గా ఉంటుంది. సైట్లలో పని అందుకునేసరికి మళ్ళీ గానుగెద్దు నడకే. జ్వరానికి తడిగుడ్డ వేయడం లాంటిది ఇది. రోగం పోదు.

రోగానికి మందు వేరే ఉంది. అది అతనికి పోయిన వారమే దొరికింది.

అమ్మాన్‌లో వైబ్దే కొండవాలు మీద ఉన్న ఆ నిర్మాణ కంపెనీకి ఊరూరా సైట్లున్నాయి. ఏ గోడ ఎప్పుడు లేవాలి, ఏ పని ఎక్కడ ఆగింది, దేనికి ఎవరు అనుమతి ఇచ్చారు, అంతా ఒకే ప్రోగ్రామ్‌లో ఉంటుంది. దాన్ని కట్టిందీ, ఇన్నేళ్ళూ సాకిందీ వజ్దీయే. ప్రతి పని కిందా ఇంజినీర్లు తమ మాటలు రాస్తారు. ఏళ్ళ తరబడి రాసినవన్నీ డేటాబేస్‌లో కొండలా పేరుకుపోయాయి. ఎవరైనా ఒక్క పేజీ తెరిస్తే చాలు, ఆ పేజీకి చెందిన నాలుగు మాటల కోసం మెషీన్ ఆ కొండనంతా తిరగేస్తోంది. పుస్తకం చివర ఏ పేరు ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక ఉంటుందే, అలాంటి ఇండెక్స్ ఆ కొండకు లేదు. మొదట్లో చిన్న దిబ్బే కాబట్టి అవసరం పడలేదు. తర్వాత ఎవరికీ తట్టలేదు.

పక్కన పెట్టుకున్న డేటా నకలు మీద వజ్దీ ఆ ఇండెక్స్ కట్టి చూశాడు. మీట మీంచి వేలు తీసేలోపు పేజీ విచ్చుకుంది. ఒంటరిగా కూచుని పైకే నవ్వేశాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, అంతా మూసేసి, ఎవరికీ చెప్పకుండా ఇంటికెళ్ళిపోయాడు.

నెలాఖరుకి ఫోన్లు చూసే హాతిమ్ రిటైరవుతున్నాడు. అతను వెళ్ళాకే మందు వేద్దామని.

హాతిమ్‌ని హాతిమ్ అనేవాళ్ళు ఆఫీసులో లేరు. పెద్దకొడుకు పేరు మీద అందరికీ అబూ యజన్, అంటే యజన్ నాన్న. పెళ్ళీ పిల్లలూ లేని వజ్దీ అందరికీ ఉత్త ఉస్తాదే, అంటే సారే. ఎక్కడ ప్రోగ్రామ్ మొరాయించినా ఫోన్ వచ్చేది అబూ యజన్ బల్ల మీదికి. గాజు తలుపుకి ఇవతల వజ్దీ తల వంచుకుని తప్పు వెతుకుతుంటే, అవతల అతను బొజ్జ కదిలేలా నవ్వుతూ కబుర్లాడేవాడు. వజ్దీ సరిచేసి తలెత్తేసరికి, "నీ చెయ్యి చల్లగా ఉండాలి అబూ యజన్" అని ఫోన్లో దీవెనలు వినపడేవి. మంచు కురిసి రోడ్లు మూసుకుపోయిన ఏడాది వజ్దీ ఆఫీసులోనే పడుకుని డేటా కాపాడాడు. పండగ విందులో డైరెక్టర్ కౌగిలించుకున్నది అబూ యజన్‌ని. అంతెందుకు, వజ్దీ తల్లి పోయినప్పుడు పరామర్శకి వేసిన పందిట్లో కూడా గుమ్మం దగ్గర నిలబడి చేదు కాఫీ పోసింది అబూ యజనే. వచ్చినవాళ్ళు ముందు అతని చెయ్యి పట్టుకున్నారు. ఆ మధ్యాహ్నం తల్లి కోసం రావలసిన ఏడుపు వజ్దీకి సగమే వచ్చింది. మిగతా సగం లోపలే కుళ్ళింది.

దాన్ని అసూయ అని అతను ఎప్పుడూ ఒప్పుకోలేదు. న్యాయం అనుకునేవాడు.

ఆ ఉదయం సీటుకి వచ్చి, సేజ్ ఆకు వేసిన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వేళ్ళు కాచుకుంటుండగా అవతల ఫోన్ మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. డ్రాయింగులు చూసే మైసూన్ గాజు తలుపు తోసి తల లోపలికి పెట్టింది.

"ఉస్తాద్, అబూ యజన్ ఇంకా రాలేదు. ఫోన్ మీరే ఎత్తాలి."

రిటైరయ్యేముందు మరింక పనెందుకు చేస్తాడులే అనుకుంటూ వజ్దీ వెళ్ళి ఆ కుర్చీ అంచున కూచున్నాడు. కుర్చీ అతని ఒంటికి రెండింతలుంది.

మొదట ఇర్బిద్ ఆఫీసు నుంచి ఒకావిడ. అబూ యజన్ లేడని తెలియగానే ఇక నీతో ఏం మాట్లాడతాంలే అన్నట్టు పెట్టేసింది. ఆ తర్వాత ఒకతను ప్రోగ్రామ్ గురించి అడగకుండానే మీ పెద్దాయన ఒంట్లో ఎలా ఉంది, నిన్న దగ్గుతున్నాడు అన్నాడు. వజ్దీకి ఆ దగ్గు సంగతే తెలియదు. తర్వాత జర్కా సైట్ నుంచి గస్సాన్ అనే ఇంజినీరు. వెనకాల ఇంజన్ల రొద.

"అన్నా, అబూ యజన్‌ని పిలువు."

"రాలేదు. నేను వజ్దీని."

"ఏ వజ్దీ?"

ఆ మనిషి పొద్దస్తమానం పనిచేసేది వజ్దీ కట్టిన ప్రోగ్రామ్‌లోనే.

కాంక్రీటు లారీలు గేటు బయట నిలబడ్డాయట. తెరమీద అనుమతి కనపడనిదే గేటువాడు వదలడు. పేజీ తెరుచుకోవడం లేదు. డ్రమ్ములు తిరుగుతూనే ఉన్నాయి, లోపల కాంక్రీటు బిగుసుకుంటోంది. కాసేపు ఆగండి, వస్తుంది అన్నాడు వజ్దీ.

"ఆగమని అబూ యజన్ చెప్తే ఆగబుద్ధేస్తుంది. నువ్వు చెప్తుంటే తిట్టబుద్ధేస్తోంది" అన్నాడు గస్సాన్. అని ఊరుకోలేదు, తిట్టాడు కూడా. ప్రోగ్రామ్‌నీ, దాన్ని కన్నవాణ్ణీ, వాణ్ణి కన్నదాన్నీ వరసగా తిట్టాడు. ఈలోగా పేజీ వచ్చినట్టుంది, మాట మధ్యలోనే ఫోన్ పెట్టేశాడు.

వజ్దీ చెవులు ఎర్రబడ్డాయి. ఫోన్ మళ్ళీ మోగింది. మళ్ళీ అవే తిట్లు, వేరే గొంతులో. గాజు తలుపు అవతలి నుంచి ఇన్నేళ్ళూ తను చూసిన నవ్వు ఎందుకో అతనికి ఇప్పుడు అర్థమైంది. పేజీ తెరుచుకునేదాకా మనిషి మండిపోకుండా, వాడి పిల్లల చదువులూ, వాళ్ళ ఊరి వానలూ అడుగుతూ పట్టి ఉంచడమే అబూ యజన్ ఉద్యోగం. వారం రోజులుగా, మందు వజ్దీ దగ్గరుండగానే, అతను ఆ పని చేస్తూనే ఉన్నాడు.

కానీ వజ్దీని లేపింది జాలి కాదు. ఇవాళ అబూ యజన్ లేడు. ఇవాళ ఏం చేసినా అతని పేరు మీద పడదు. ఆ ఆలోచన రాగానే వజ్దీ ఫోన్ మోగుతుండగా వదిలేసి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

పట్టపగలు, అందరూ పనిలో ఉండగా చేసే పని కాదది. ఒక్క వాక్యం కొట్టి మీట నొక్కాడు. మెషీన్ కొండనంతా ఒకసారి వరస పెట్టుకోవడం మొదలెట్టింది. అన్ని తెరలూ కొయ్యబారాయి. అవతల ఫోన్ గొంతు చించుకుంది. వజ్దీ పెదవి కొరుక్కుంటూ చేతులు చంకల్లో పెట్టుకుని కూచున్నాడు. ఉన్నట్టుండి తెర వదులైంది. ఒక పేజీ నొక్కాడు, వచ్చింది. ఇంకోటి నొక్కాడు. నీళ్ళ మీద చెయ్యి వేసినట్టుంది.

అవతల ఫోన్ ఆగిపోయింది.

వజ్దీ వెళ్ళి ఆ పెద్ద కుర్చీలోనే కూచుని, అరచేతులు బల్లమీద ఆనించి, బాగైందని చెప్పడానికి ఎవరైనా ఫోన్ చెయ్యకపోతారా అని ఎదురుచూశాడు. కొండవాలు కింద గ్యాస్ సిలిండర్లు అమ్మే బండి పాట వాయించుకుంటూ పోయింది. మైసూన్ ఏదో పేజీ తెరిచి, ఆశ్చర్యపడి, మళ్ళీ మూసి మళ్ళీ తెరిచి, "ఇవాళ ఇంటర్నెట్ బాగుందే" అంది తనలో తనే. అంతే. బాగున్నదాని గురించి ఫోన్ చేసేవాడు లోకంలో లేడు.

మధ్యాహ్నం డైరెక్టర్ రిఫాత్ హాల్లోకి వచ్చాడు. చేతిలో కోటు ఉంది, తొడుక్కోవడం మరిచిపోయినట్టుంది. అబూ యజన్ ఇక లేడు, ఇప్పుడే కొడుకు ఫోన్ చేశాడు అన్నాడు. తెల్లవారుజామున నమాజుకి లేచాడట. మంచం అంచున కూచుని మేజోళ్ళు వేసుకుంటూ అలాగే పక్కకి ఒరిగాడట. సాయంత్రం నమాజు అయ్యాక ఖననం.

మైసూన్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. టీ ఇచ్చే అబూ సఖ్ర్ ట్రే కింద పెట్టి గోడకి ఆనుకున్నాడు. అందరూ బయల్దేరారు. వజ్దీ కూడా లేచాడు. రిఫాత్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఉస్తాద్, ఫోన్ దగ్గర ఒకరుండాలి కదా. యజన్ రేపు వస్తాడు, వాళ్ళ నాన్న సామాను ఓ సంచిలో పెట్టండి."

కిటికీలోంచి వజ్దీ చూస్తూ నిలబడ్డాడు. కార్లు ఒకదాని వెనక ఒకటి వాలు దిగాయి. పై అంతస్తు వాళ్ళూ దిగారు. పక్క దుకాణం వాడు షట్టర్ దించి, పరుగెత్తి, ఎవరి కార్లోనో ఎక్కాడు. నేను పోతే ఈ షట్టర్ దించుతారా అన్న మాట వజ్దీ మనసులోకి వచ్చింది. ఛీ అనుకున్నాడు. ఎంత ఛీ అనుకున్నా అది పోలేదు, చివరి కారు మలుపు తిరిగేదాకా అక్కడే ఉంది.

ఫోన్ మోగింది. గస్సాన్. పొద్దుటి మనిషి కాడు, గొంతులో నవ్వుంది.

"వచ్చాడా మా పెద్దాయన? మొత్తానికి ఏదో మంత్రం వేశాడు, గుర్రంలా పరుగెడుతోంది. కాంక్రీటు కూడా దక్కింది. ఓసారి ఇవ్వు, చెయ్యి ముద్దుపెట్టుకుంటా."

ఇన్నేళ్ళ మాట వజ్దీ నాలుక మీదికి వచ్చేసింది. ముందు చెప్పవలసింది వేరే ఉందని తెలుస్తూనే ఉంది.

"అది నేను చేశాను" అన్నాడు. "ఆయన కాదు. నాకు పోయిన వారమే దొరికింది." ఒక ఊపిరి తీసుకుని, "ఆయన తెల్లవారుజామున పోయారు" అన్నాడు.

ఇంజన్ల రొద వినిపించింది.

"పోయిన వారమా?" అన్నాడు గస్సాన్.

వజ్దీ ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"నిన్న సాయంత్రం పేజీ రాలేదని నేను అతన్ని..." అని ఆగిపోయాడు గస్సాన్. "దేవుడు అతన్ని కరుణించాలి." ఫోన్ చాలా నెమ్మదిగా పెట్టిన చప్పుడైంది.

వజ్దీ సంచి తెచ్చి, అబూ యజన్ సొరుగు లాగాడు. అది ఇరుక్కుని, రెండోసారి గట్టిగా లాగితే తెరుచుకుంది. పెన్నులు లేవు, కాగితాలు లేవు. గొంతు బిళ్ళల ఖాళీ రేకులు సొరుగు నిండా ఉన్నాయి, సంచిలో వేయబోతే గలగలమన్నాయి. అన్నిటికీ పైన కొత్త రేకు ఒకటి ఉంది. అందులో ఒక్క బిళ్ళే తీసి ఉంది, ఆ గుంట అంచున చిరిగిన వెండికాగితం ఇంకా పైకి లేచే ఉంది.