గురువారం మెసేజీలు

మరియ దగ్గర అబద్ధం దాగదు. ఇల్లందులో ఆడపిల్లల హాస్టల్‌కు పన్నెండేళ్లుగా వార్డెన్. కడుపునొప్పి అని ముసుగుతన్ని పడుకున్న పిల్లకు నిజంగా నొప్పేనా, లేక లెక్కల పరీక్ష ఉందా అన్నది దుప్పటి ఎత్తకుండానే చెప్పేస్తుంది. అలాంటి మనిషికి జంపక్క మీద అనుమానం రావడానికి మూడు వారాలు పట్టిందంటే, అదే ఎక్కువ.

జంపక్క అంటే వాట్సాప్ గ్రూపులో ఒక పేరు, అంతే. మనిషిని ఎవరూ చూడలేదు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్ల గ్రూపు అది. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అరవై ముగ్గురు, మగపురుగన్నది లేదు. ఆపరేషనైన చేత్తో నీళ్ల బిందె ఎత్తొచ్చా, కీమో ఎక్కాక నోరు పూస్తే ఏం తినాలి, ఊడిన జుట్టు మళ్లీ వస్తుందా... మొగుణ్ణి అడగలేనివి, డాక్టరు ముందు నోట రానివి అన్నీ అక్కడ అడుగుతారు. దాటి వచ్చినవాళ్లు చెబుతారు. వాళ్లకు తెలియనివి క్యాన్సర్ వార్డు నర్సు ఆరాధన చెబుతుంది. మరియకు ఆపరేషనై నాలుగేళ్లు. గ్రూపుకు కాపలా ఆమెదే. ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో ఆమె ఇష్టం.

ఆ కాపలా ఊరికే పెట్టుకున్నది కాదు. కిందటేడు ఒకడు ఆడపేరుతో గ్రూపులో దూరాడు. మొదట జ్వరమన్నాడు, నీరసమన్నాడు, అందరి చేతా అయ్యో అనిపించుకున్నాడు. తర్వాత ఫలానా ఆకుపసరు తాగితే అంతా పోయిందన్నాడు. దుర్గ అని ఒక పిల్ల, ఎప్పుడూ పాటలు పాడి పంపేది, ఆ పసరు నమ్మి కీమో మానేసింది. ఐదు నెలల్లో పోయింది. ఆ కోపం మరియకు ఇంకా చల్లారలేదు. చల్లారాలని ఆమె అనుకోవడమూ లేదు.

ఇప్పుడీ జంపక్క వచ్చింది. ఊరు చర్ల అవతల అడవిలో అట. వస్తే గురువారమే వస్తుంది, పొద్దున పదికీ మధ్యాహ్నం మూడుకీ నడుమ. ప్రశ్నలన్నీ ఒక్కసారే గుమ్మరిస్తుంది. మిగతా ఆరు రోజులూ అయిపూ అజా ఉండదు. ఒక గురువారం, తనకు కుడివైపు తీసేశారని, ముట్లుడిగి ఆరేళ్లయిందని రాసింది. మరుసటి గురువారం, చంటిది ఇంకా పాలు మానలేదు, ఏం చెయ్యాలని అడిగింది. ముట్లుడిగినామెకు చంటిపిల్ల ఎక్కడిది? గొంతు వినిపించమంటే పలకదు. పైగా అడవిలో ఉండి తెలుగు ముత్యాల్లా రాస్తుంది.

పెనుబల్లిలో ఉండే నాగలతకు ఫోన్ చేసి ఇదంతా చెప్పింది మరియ. నాగలత ఆమెతో పాటే కీమో ఎక్కించుకున్న మనిషి, మెత్తటిది.

"పోనీలే మరియక్కా. కీమోలో నేను మా వీధి పేరే మర్చిపోయాను కదా. ఆమెకీ మతిమరుపేమో."

"మతిమరుపైతే ఏ పక్క కోసిర్రో గుడ మర్సిపోతరా? నేను సచ్చినా మర్సిపోను."

వార్డుకొచ్చేవాళ్లందరినీ ఎరిగిన ఆరాధనను ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. తన అంచనా మీద తనకు అంత ధీమా. ఎర వేసినట్టు గ్రూపులో ఒకే ప్రశ్న పెట్టింది: జంపక్కా, నీకు ఏ పక్క ఆపరేషనైంది?

గురువారం పదకొండింటికి జవాబొచ్చింది. ఎడమ పక్క. దాని కిందే ఇంకో మెసేజీ. "కీమో ఇంజెక్షన్ పెట్టి తొమ్మిది రోజులైంది. నిన్నటి నుంచి జ్వరం, వణుకు. దవాఖానకు పోవాలా, ఇంట్లో పడుకుంటే తగ్గుతుందా? అక్కలు చెప్పండి."

దొరికావురా అనుకుంది మరియ. కిందటేటివాడూ జ్వరంతోనే మొదలుపెట్టాడు. కీమో తర్వాత జ్వరమొస్తే ఇంట్లో ఉండొద్దు, ఆ గంటలోనే దవాఖానకు పోవాలి అన్నది గ్రూపులో అన్నిటికన్నా పైన కనబడే మాట. రాసిపెట్టింది మరియే. ఆ మాట ఇప్పుడు ఆమెకు గుర్తుకు రాలేదని కాదు. వచ్చింది. దొంగకు జవాబెందుకు అనుకుంది. ఇంకెవరూ అయ్యో అనకముందే మెసేజీలు తుడిచేసి, జంపక్కను గ్రూపులోంచి తీసేసింది.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఆ ఘనకార్యం భర్త ఏసయ్యకు చెప్పింది. అతను ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో డంపర్ నడుపుతాడు, మాట్లాడేది తక్కువ. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు.

"జరమని అడిగితే దవాఖానకు పో అంటే నీ సొమ్మేం పోయేది?"

"ఎవడో దొంగ, నీకు తెల్వది."

"దొంగైతే సరే. కాకపోతే?"

ఆ ప్రశ్న ముల్లులా దిగింది. మరియ ఆ నంబరుకు ఫోన్ చేసింది. అందుబాటులో లేదు. శుక్రవారం చేసింది, శనివారం చేసింది, ఆదివారం చర్చిలోంచి బయటికొచ్చి మరీ చేసింది. సోమవారం ఇక ఉండబట్టలేక ఆరాధనకు చేసింది.

"జంపక్కనా? వాళ్లు ఇద్దరక్కా, తల్లీబిడ్డలు," అంది ఆరాధన. "ఒక్కటే ఫోను. తల్లికి కుడిపక్క, బిడ్డకు ఎడమపక్క. వాళ్ల ఊళ్లె సిగ్నల్ లేదు. గురువారం సంతకు నడిసొస్తరు, ఆడ ఫోన్ కలుస్తది. వాళ్లది కోయ మాట, తెలుగు రాయరాదు. లచ్చిరాం అని సామాన్ల ఆటో నడుపుతడు, ఎవరొచ్చి ఏం చెప్తే అది రాసి పంపుతడు. ఏమైందక్కా?"

మరియ చెప్పింది. ఆరాధన, ఆ ఊరికి ఆశా కార్యకర్తను పంపుతానని పెట్టేసింది. మంగళవారం సాయంత్రం కబురొచ్చింది. బిడ్డ, జంపక్క, శనివారం పొద్దున్నే పోయింది.

గురువారం మరియ సెలవు పెట్టి భద్రాచలం మీదుగా చర్ల బస్సెక్కింది. ఏసయ్య వస్తానంటే వద్దంది. చర్ల నుంచి ఆటోలో పోతుంటే పోలీసు క్యాంపు దగ్గర ఆపి, ఎవరి కోసం, ఏం పని అని అడిగారు. పన్నెండేళ్లుగా పిల్లల్ని అదే గొంతుతో అడిగిన మనిషి, జవాబు చెప్పలేక తడబడింది. వాళ్లు సంచీ అంతా వెతికి వదిలారు.

సంతలో లచ్చిరాంను కనుక్కోవడం కష్టం కాలేదు. అతని ఆటో పక్కన ఒక పెద్దామె కూర్చుని ఉంది, కీమోకు బోడైన తలకు తువ్వాలు చుట్టుకుని, ఒళ్లో చిన్నపిల్లతో. తల్లి ఆమేనని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఆ దినం సంత ఇడిసేదాక ఫోన్ సూసుకుంట కూసున్నమక్కా," అన్నాడు లచ్చిరాం. "మీరు గ్రూపుల లేరని ఏదో వచ్చింది. నెట్టు ఖరాబైందనుకున్నం. జరంతోనే నడిసొచ్చింది జంపక్క. నా ఆటోల దవాఖానకు తీస్కపోత అన్న, ఇనలే. అక్కలు చెప్పనీ, వాళ్లు ఎన్నడూ తప్పు చెప్పలే, పొమ్మంటే పోత అన్నది."

 మరియ ఆటో కమ్మీ పట్టుకుంది.

"నెట్టు కాదు. నేనే తీసేసిన. దొంగ అనుకున్న. ఆమెకు చెప్పు."

లచ్చిరాం ఆమెను చూశాడు, పెద్దామెను చూశాడు. వాళ్ల మాటలో రెండు ముక్కలు అన్నాడు. పెద్దామె తల ఊపి, మరియ చెయ్యి పట్టుకుని నిమిరింది. ఆ భాష రాకపోయినా, అతను చెప్పింది తన మాట కాదని మరియకు తెలిసిపోయింది.

"నువ్వు చెప్పలే."

"చెప్పలే," అన్నాడు లచ్చిరాం తల వంచుకుని. "బిడ్డ పోయిందని తెలిసి సూడొచ్చిర్రని చెప్పిన. ఆమెకు ఇంక నాలుగు ఇంజెక్షన్లున్నయక్కా. ఇయ్యాల మీ మీద నమ్మకం పోతే మళ్ల దవాఖాన మొకం సూడది."

పెద్దామె రొండిన దోపుకున్న దవాఖానా చీటీ తీసి, మడతలు విప్పి మరియ చేతిలో పెట్టింది. ఏదో అడిగింది.

"ఏమంటంది?"

"మంగళారం ఇంజెక్షన్‌కు పోవాల్నా అంటంది. ఫోన్ల అక్కలు మీరే గదా, మీరు చెప్తే పోతదట."

మరియ చీటీ వైపు చూసింది. ఒక్క అక్షరమూ కనబడలేదు.

"పోవాలె అమ్మా," అంది. "పొద్దుగాల్నే నేనొచ్చి తోల్కపోత."

లచ్చిరాం అదంతా వాళ్ల మాటలో చెప్పాడు. పెద్దామె సరేనని పిల్లను చంకనేసుకుని, అడవి దారి పట్టింది. ఆమె ఏమీ అనుమానించలేదు. నాలుగు తిట్టి ఉంటే మరియ నిలబడగలిగేదే. ఆ నమ్మకానికి తట్టుకోలేక, సంతలో అందరూ చూస్తుండగానే కూలబడి ఏడ్చింది.