నల్లపట్టెల చాటున

ఆషాఢమాసము ప్రవేశించి వానకారు వచ్చినదని పంచాంగములు చెప్పుచున్నను బడమటి కొండలమీఁదుగా గుంపులు గుంపులుగా బయలుదేఱిన నీలమేఘములు అనంతపుర మండలమును గన్నెత్తియుఁ జూడక తూర్పునకుఁ బరుగులు తీయుచుండఁగా నిరంతర ప్రచండ మారుతోద్ధూత ధూళిధూసరితములైన వేరుసెనగ చేలును దలుపులు టపటపఁ గొట్టుకొను మిద్దెయిండ్లును నీటిచుక్కకై మొగము వాచి యాకసమువంకఁ జూచుచుండిన యొకానొక యపరాహ్ణమున, ధర్మవర పట్టణమునఁ బట్టుమగ్గముల చప్పు డెడతెగక వినవచ్చు నొక సందులోని మేడగదియందు ఖండేరాయుఁడను నడివయస్సువాఁడు కిటికీ మూసికొని కంప్యూటరునెదుట నూరక కూర్చుండియుండెను. చేయవలసినదెల్లఁ జేసి ముగించియుండెను గాని దానిని నడిపి చూచుటకు మాత్రము వానికిఁ జేయి రాకుండెను.

ఈతఁడు తోలుబొమ్మలాటవారి యింటఁ బుట్టినవాఁడు. తాతముత్తాతలు మేఁకతోలును గీఁకి పలుచన చేసి రంగులద్ది తెల్లని తెరవెనుక దీపము నిలిపి యూరూరను జనులను నవ్వించియు నేడిపించియుఁ బొట్టపోసికొన్నవారు కాఁగా నీతఁడొక్కఁడు కళాశాలకుఁ బోయి కంప్యూటరు విద్య నేర్చి వచ్చెను. "ఆ తెర ఇడిసిపెట్టి ఈ తెర పట్టుకున్నావు గానీ తెర పిచ్చి మాత్రం పోలేదు లేన్నా" యని చెల్లెలు తుళజమ్మ వానిని బరిహసించుచుండెడిది. ఆ పరిహాసమునుండియే యిద్దఱికిని నొక యూహ పుట్టి, బొమ్మలాటకుఁ బిలుచువారు లేని దినములలో నామె తోలుమీఁద వ్రాసిన కొండలను గోనలను బొమ్మలను నీతఁడు కంప్యూటరులోనికెక్కించి "ఏటిజాడ" యను నొక యాటను గట్టెను. ఎండిపోయిన యేటి పుట్టువును వెదకుచు నొక పల్లెపడుచు కొండదారులఁ బట్టి పోవుటయు, దారి తప్పినప్పుడెల్ల దీపాలక్కయను నొక స్త్రీ లాంతరు పట్టుకొని యెదురై రెండు మాటలు చెప్పి మఱలిపోవుటయు నా యాటలోని కథ. దీపాలక్క గొంతు తుళజమ్మది. గడ్డముమీఁది పుట్టుమచ్చను జూచినవారికి రూపమును నామెదే యని తెలియుచుండెను గాని యామె మాత్రము "నా మొగం నేను యాల రాసుకుంటాను, చేతికొచ్చిన మొగం అది" యని తప్పించుకొనుచుండెడిది.

అట్టి తుళజమ్మ కడచిన శ్రావణమునఁ గాలేయవ్యాధిచేఁ గృశించి కృశించి యాసుపత్రి మంచముమీఁదఁ గన్నుమూసెను. నాఁటినుండి ఖండేరాయుఁడు ఆ యాట జోలికిఁ బోలేదు. తెఱచినచో నా గొంతు వినఁబడును. వినఁబడినచోఁ దానేమగునో వానికే తెలియదు. ఇంతలో సంవత్సరీకము దగ్గఱపడఁగా నామె యొక్కగానొక్క కూఁతురు రేణుక కదిరిలోని యత్తవారింటినుండి వచ్చి, యా దినమునఁ జుట్టములందఱు గూడినప్పుడు గోడకుఁ దగిలించిన పెద్ద టీవీలో నమ్మ యాటను నాడి చూపవలెనని పట్టుపట్టెను.

"పెట్టి చూసినా మామా. ఈ పక్కొక నల్లపట్టె, ఆ పక్కొక నల్లపట్టె, నడిమధ్యన ఇంత బొమ్మ. తలుపు సందులోంచి అమ్మను చూసినట్టుండాది. తెర నిండల్ల. అంతే నేనడిగేది."

"అప్పటి తెరలకు కొలిచి కట్టిన ఆట పాపా అది. అప్పుడు తెరలు పలకల మాదిరి ఉన్యాయి. ఇప్పుడు చాప పరిచినట్టయిపోయినాయి" యని యాతఁడు నసిగెను గాని మేనకోడలి కన్నులను జూచి కాదనలేకపోయెను.

మొదట నీతఁ డందఱును జేయు సులభోపాయమునే చేసెను. శబ్దమును మూసివేసి యాటను దెఱచి బొమ్మ నిరువైపులఁ బట్టి లాగెను. నల్లపట్టెలు మాయమయ్యెను గాని కొండలు చదునై చంద్రుఁడు కోడిగ్రుడ్డై దీపాలక్క రెండింతల మేనితో నూఁగుచు వచ్చి నిలువఁగా రేణుక నవ్వెను. నవ్వి నవ్వి కొంతసేపటికి "చివరి నెలల్లో ఒంటిమీద కండ లేకుండా పోయ. ఇట్లన్నా ఉండింటే బాగుండు మా యమ్మ" యనెను. ఆ మాటతో నిద్దఱికిని నవ్వు చచ్చిపోయెను. పిమ్మట వెడల్పునకుఁ జాలునట్లు బొమ్మను బెంచి మీఁదను గ్రిందను గత్తిరింపఁగా దీపాలక్కకుఁ గొప్పులోని పూలును నేలమీఁది పాదములును లేకపోయెను. పువ్వులు లేని తలతోఁ దల్లిని జుట్టములకుఁ జూపుట కా బిడ్డ యొప్పుకొనలేదు. ఖండేరాయుఁడును నొప్పుకొనలేదు.

ఇఁక మిగిలిన దారి యొక్కటే. చూపునే వెడల్పు చేయవలెను. అనఁగాఁ దెర కిరుప్రక్కల నింకను గొంతమేర కనఁబడునట్లు తానెన్నఁడో వ్రాసిన ప్రోగ్రామును విప్పి యందలి కొలఁతలను దిద్దవలెను. తుళజమ్మ కొండలను బొడవాటి తోలుపట్టెలమీఁద వ్రాసినది గనుక బొమ్మకుఁ గొదవలేదు; తెరయొక్క కుఱుచదనమే యన్నాళ్ళును దానిని దాఁచియుంచెను. కొన్నిదినములు తల బ్రద్దలు కొట్టుకొని యాతఁడా పనిని దుదముట్టించెను.

ఆ పని ముగించి యీతఁ డిట్లు కూర్చుండియుండఁగా రేణుక మెట్లెక్కి వచ్చి ప్రక్కన స్టూలుమీఁదఁ గూర్చుండి, యింతవఱకు మామ మూసియుంచిన శబ్దమును దానే పెంచి యాటను మొదలుపెట్టెను. అంచునుండి యంచువఱకుఁ గొండలు పఱచుకొనెను. ఇదివఱకెవ్వరును జూడని మూలలయందుఁ దుళజమ్మ చెప్పాపెట్టక వ్రాసిన యొక రేగుచెట్టును దానిక్రింద నిద్రించు నొక మేఁకపిల్లయుఁ గనఁబడఁగా నా కూఁతురు వానిని వ్రేలితోఁ దడవి చూచెను. అంతలో లాంతరు పట్టుకొని దీపాలక్క వచ్చెను. "ఎడంపక్క బండ దాటుకోని పో తల్లీ. నేను పోయొస్తా" యని తుళజమ్మ గొంతిన్నినెలల తరువాత నా గదిలోఁ బలికెను. ఖండేరాయుఁడు పండ్లు బిగఁబట్టి తల వంచుకొనెను.

దీపాలక్క వెనుదిరిగి కుడివైపునకు నడచెను. పూర్వమైనచో నంచు దాఁటి మఱుగుపడవలసినది. ఇప్పుడు మఱుగుపడలేదు. నల్లపట్టె యుండెడి చోటికిఁ బోయి యాగి యిటువైపునకుఁ దిరిగి లాంతరు నెత్తి పట్టుకొని కన్నులు విచ్చి కదలక మెదలక నిలిచెను.

"అమ్మ పోలేదు మామా" యని రేణుక మెల్లఁగా ననెను. "ఈడనే ఉండాది. ఇన్నేండ్లూ ఈడనే నిలబడుకోనుండాది."

అప్పుడు ఖండేరాయునికిఁ దాను మఱచినది జ్ఞప్తికి వచ్చెను. వారి యింట నొక యాచారము కలదు. తోలుబొమ్మలాట నడుచుచుండఁగాఁ దన వంతు ముగిసిన బొమ్మను బెట్టెలోఁ బరుండఁబెట్టరు. తెరయంచునకుఁ జేరవేసి నిలిపియుంతురు. మంగళహారతి పాడిన తరువాతనే పెట్టెలోఁ జేర్తురు. నిష్క్రమించిన పాత్రను జెఱిపివేయు పంక్తి నొకదానిని వ్రాయుట ప్రోగ్రాములవారికి వెన్నతోఁ బెట్టిన విద్య. ఆనాఁ డీతఁ డా పంక్తిని వ్రాయఁబోవుచుండఁగాఁ దుళజమ్మ చేయి పట్టుకొని యాపి "పోయొస్తా అని చెప్పి పోయినదాన్ని తుడిపేస్తావా అన్నా? పోతా అన్నిందా ఏమన్నా?" యని యడిగెను. నిజమే. మనవారు గడప దాఁటునప్పుడు పోవుదునని చెప్పరు, పోయివత్తుననియే చెప్పుదురు. వత్తునన్నవారికిఁ జోటుంచవలెను గదా. అన్న నవ్వి యా పంక్తిని మాని దీపాలక్కను దెరకు వెలుపల నిలిపెను. ఆ విద్య నేర్చిన మఱి యెవ్వఁడును జేయని తప్పది. ఆ తప్పునకు మొదటఁ దెర యిఱుకుదనమును దరువాత నల్లపట్టెలును ముసుఁగై యిన్నేండ్లు వాని పరువు కాపాడెను.

"తియ్యొద్దు మామా. ఇట్లనే ఉండనీ" యని రేణుక ముఖము వెలుఁగ నాటను సాగించెను. బండ దాఁటిన పల్లెపడుచు దారి తప్పెను. తప్పుటయే యందలి కథ. తప్పి నిలిచి "అక్కా, యాదిక్కు పోవల్ల? పలకక్కా" యని పిలిచెను. ఆ పిలుపునకుఁ బ్రతివచనము లేదు. పడుచు మఱికొంత దూరము వెదకికొని పోయినఁగాని దీపాలక్క మఱల రాదు. పూర్వ మా పిలుపు విన్నవారు అక్క యే కొండ యావలనో యున్నదని యనుకొనెడివారు. ఇప్పుడామె చేయి చాఁచిన నందునంత దగ్గఱ దీపము పట్టుకొని కన్నులు తెఱచికొని నిలిచియుండెను. పడుచు మఱల "పలకక్కా" యని పిలిచెను. ఆమె చూచుచునే యుండి పలుకలేదు.

రేణుక వ్రేళ్ళు మీటలమీఁద నాగిపోయెను. ఆసుపత్రిలో నా కడపటి దినములలోఁ దల్లి యట్లే కన్నులు తెఱచికొని యుండెను. అమ్మా యని యీ బిడ్డ గొంతు పోవునట్లు పిలిచెను. ఆ వేళ ఖండేరాయుఁడు వెలుపలి వరండాలో గోడ కానుకొని కూర్చుండెనే కాని లోపలికి రాలేదు. చూడలేక రాలేదు. చూచినది యీ పిల్ల యొక్కతెయే.

"పంపించెయ్ మామా" యని యామె యేడ్పు నాపుకొనుచు ననెను.

"నల్లపట్టెలు మళ్ళా పెట్టేద్దాం పాపా. చాటునుంటాది. ఎవరికీ కనపడదు" అని యాతఁడు బ్రతిమాలెను. మేనకోడలికొఱకుఁ గాదు, తనకొఱకే బ్రతిమాలెను.

"చాటున ఉండాదని నాకు తెలిసిపోయ కదా. ఇంక పిలవకుండా ఎట్లుండేది నేను? పలకలేనిదాన్ని ఎన్నాళ్ళని నిలబెడతావు? కాళ్ళు నొయ్యవా మామా మా యమ్మకు?"

ఆ మాట విని ఖండేరాయుఁ డాటను మూసి ప్రోగ్రామును దెఱచి యానాఁడు మానివేసిన పంక్తి యుండవలసిన తావును వెదకి పట్టుకొనెను. నిక్కమునకది మిక్కిలి చిన్న పంక్తి. నేర్చుకొనవచ్చిన పిల్లలు సయితము గ్రుక్క తిప్పుకొనకుండ వ్రాయుదురు. ఆ విద్యలోఁ దల నెరసిన యీతనికి మాత్రము దానిని వ్రాయుటకుఁ బ్రొద్దు వాలువఱకుఁ బట్టెను. ఒక్కొక్క యక్షరమును గొట్టును, చెఱుపును, కన్నులు తుడుచుకొనును, మఱలఁ గొట్టును. రేణుక తొందరపెట్టలేదు. ముగిసినదని యాతఁడు చెప్పినప్పుడు మాత్రము వాని భుజముమీఁదఁ జేయివైచి "ఈసారన్నా తల దించుకోకుండా చూడు మామా" యనెను.

దీపాలక్క వచ్చెను. దారి చెప్పెను. పోయొస్తానని చెప్పి కుడివైపునకుఁ దిరిగి, పూర్వము నిలిచిన చోట నిలువక, కొండవాలు వెంబడి చిన్నగా నడచి నడచి యా వెడలుపాటి చిత్రము కొట్టకొనను దాఁటెను. లాంతరు వెలుఁగొక్క క్షణము రాళ్ళమీఁద నిలిచి యదియు నామె వెంటనే పోయెను. ఖండేరాయుఁడు తల వంచుకొనక కడవఱకుఁ జూచెను. చూచి, యాసుపత్రిలోఁ గాని శ్మశానమునఁ గాని యేడువనివాఁడు, మేనకోడలి చేయి పట్టుకొని పసిబిడ్డవలె నేడ్చెను.

చిత్ర మెక్కడను వెలితి లేక తెరనిండ నుండెను. చుట్టములు చూచి మెచ్చుకొందురు. తుళజమ్మ పనితనమును జెప్పుకొందురు. సత్కర్మలు చేసినది గనుక నామె పుణ్యలోకమున నున్నదని పెద్దలు చెప్పినప్పుడు నమ్మలేకపోయిన యా యన్న, చెల్లె లెక్కడనో యొకచో నిలిచియే యున్నదని తనకుఁ దెలియకయే యిన్నాళ్ళును నమ్మియుండెను. ఆ చోటును దన చేతితోనే చెఱిపివేసినవాఁ డగుటవలన నిఁక నామె యెక్కడ నున్నదని తలఁచుకొనుటకు వానికిఁ దావు దొరకలేదు.